సొరుగుల బండి

మార్చి 3

బాబాయికి,

నీ ఉత్తరం నిన్న అందింది. షెడ్డు యజమాని మన వెనక గోడ పడగొట్టి, ఆ పక్క సగాన్ని ఇంకొకరికి అద్దెకిస్తాడని రాశావు. అదీ ఎక్కడ? పిన్ని మోకాలి నొప్పి కబురు తర్వాత, "చెప్పడం మర్చిపోయాను" అంటూ ఆఖరి వరసలో! చదివి మంచం మీద నుంచి లేచి నిలబడ్డాను. నాతో గదిలో ఉండే రంగులపనివాడు "ఎవరైనా పోయారా?" అన్నాడు. గోడ పోతోంది అన్నాను. వాడు అటు తిరిగి పడుకున్నాడు.

వాడికేం తెలుసు? తాతయ్య కొట్టిన మేకులకి మన పనిముట్లన్నీ ఆ గోడ మీదే కదా వేలాడేది. ఈ రంపం ఎవరిది అని ఆ గోడ ఏనాడూ అడగలేదు. తలుపులు చేస్తూ నాన్న తీసేవాడు, కుర్చీలు చేస్తూ నువ్వు తీసేవాడివి, పనవగానే మేకుకి తగిలించేవాళ్ళు. ఇక్కడ ఫ్యాక్టరీ గేటు దగ్గర సంఘంవాళ్ళు పంచే చిన్న పుస్తకాలు నేనొక్కటీ వదలకుండా చదువుతున్నాను. లోకం ఎలా ఉండాలో చెప్పడానికి వాళ్ళు పేజీలకి పేజీలు రాస్తారు. నన్నడిగితే వాళ్ళు రాసేదంతా మన వెనక గోడ గురించే.

ఈ ఫ్యాక్టరీలో ఉలి కావాలంటే కిటికీలో బిళ్ళ ఇచ్చి తీసుకోవాలి. స్టోరు గుమాస్తా ఓసారి బిళ్ళ వంక, ఓసారి నా మొహం వంక చూస్తాడు, ఆ ఉలితో లేచిపోయి ఎక్కడో కాపురం పెడతానన్నట్టు. పొద్దుగూకులూ ఆఫీసు బల్లలకి సొరుగులు చేయడమే నా పని. బల్ల పూర్తయితే ఎలా ఉంటుందో ఇంతవరకు చూడలేదు. అయినా ఓర్చుకుంటున్నాను. ఎందుకో నీకు తెలుసు. ఈ సొరుగుల పని ఆనుపానులన్నీ పట్టుకుని, ఒప్పందం గడువు తీరగానే వచ్చేసి, మన షెడ్డులో నీకూ నాన్నకూ మధ్య నిలబడి పని చేసుకోవాలి. నాకంతకు మించి ఆశ లేదు.

అందుకని గోడ పోతే పోనీ. చక్రాల బండి చేద్దాం. పనిముట్లన్నీ సొరుగుల్లో పెట్టుకుని, ఎక్కడ వెలుతురుంటే అక్కడికి తోసుకుపోవచ్చు. నేను బొమ్మ గీసి పంపుతాను, మీరిద్దరూ కలిసి చేయండి. ముందు నువ్వు పనిముట్లన్నీ దించి, నేల మీద పరిచి, ఒక్కోదాని పొడుగూ వెడల్పూ కొలిచి రాయి. సొరుగులు చేసేసి పనిముట్లని అందులో కుక్కడం ఇక్కడి పద్ధతి. మనం పనిముట్టుని బట్టి సొరుగు చేద్దాం.

తాళాలు మాత్రం ఉండవు. ఇది నా షరతు.

నీ అన్న కొడుకు

తా.క. ఇది కూడా జిగురు ఆరేలోపు అందరికీ గట్టిగా చదివి వినిపిస్తావని తెలుసు. కాబట్టి నాన్నా, అమ్మా, పిన్నీ, బాగున్నారా?


మార్చి 14

ఒరేయ్ చిచ్చుబుడ్డీ,

నాలుగు కుర్చీలకి జిగురు పెట్టి, తాళ్ళతో బిగించి, టీ తాగుతూ నీ ఉత్తరం చదివాను. లోకమంతా మన వెనక గోడే అన్న చోట మీ పిన్ని, "అయితే లోకానికీ చెమ్మ పట్టిందన్నమాట" అంది. మీ అమ్మకి టీ పొలమారింది. మీ నాన్న చెవి మీది పెన్సిలు తీసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. ఆయన లెక్కలో అది పగలబడి నవ్వడం కింద జమ.

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటని పక్క షెడ్డువాడు అడిగాడు. ఫోనులో మావాడు అరుస్తాడు, నేను పెట్టేస్తాను, కాగితం మీద అయితే వాడెంత అరిచినా చప్పుడుండదని చెప్పాను. పైగా ఫోనులో బొమ్మ ఎలా గీస్తావు?

నువ్వు చెప్పినట్టే అన్నీ దించాం. దించాక తెలిసింది ఎంత చెత్త పోగేశామో. పళ్ళూడిన రంపాలు, పిడి లేని ఉలులు, ఉలి లేని పిడులు. మీ తాతయ్య చీలిపోయిన సుత్తి పిడికి తీగ చుట్టి మరీ దాచాడు. మీ నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూసి, పారెయ్యకుండా పక్కన పెట్టాడు. నేను టేపు పట్టుకుంటే ఆయన చెక్క మీద పెన్సిలుతో రాసుకున్నాడు. కొలతలన్నీ వెనక పేజీలో ఉన్నాయి.

ఒక చిన్న విషయం. పరిచేటప్పుడు మీ నాన్న పెద్ద చిత్రిక, వెడల్పు ఉలులు, సానరాయి తన మోకాలి పక్కన పెట్టుకున్నాడు. కావాలని కాదనుకుంటాను, తలుపుల పనికి ఆయన చెయ్యి ఎక్కువగా పడేది వాటి మీదే. నేను కూడా సన్న ఉలులు, చిన్న రంపాలు నా వైపుకి లాక్కున్నానట, నాకు తెలియనే లేదు, మీ పిన్ని తర్వాత చెప్పింది. చూస్తే రెండు కుప్పలయ్యాయి. మధ్యలో ఖాళీ నేల. అందులోంచి పిల్లి దర్జాగా నడుచుకుంటూ పోయింది.

గోడని వచ్చే వారం పడగొడతారట. బొమ్మ తొందరగా పంపు.

మీ బాబాయి


మార్చి 22

బాబాయికి,

బొమ్మ జత చేస్తున్నాను. దాన్ని టీ గ్లాసు కింద పెట్టకు.

బండికి రెండు పక్కలు. నీది ఎడమ చేతివాటం కాబట్టి ఎడమ పక్క సొరుగులు నీ పనికి, కుడి పక్కవి నాన్న పనికి. ఇద్దరూ ఒకేసారి బండి దగ్గర నిలబడినా మోచేతులు కొట్టుకోవు. చిన్నప్పుడు మీ ఇద్దరి మధ్యలో దూరి ఎన్ని మోచేతి పోట్లు తిన్నానో నాకు తెలుసు. పై సొరుగులు లోతు తక్కువ, ఉలుల కోసం. ఒక్కో ఉలికి ఒక్కో గాడి తొలచండి, లేకపోతే బండి కదిలినప్పుడల్లా అవి ఒకదాన్నొకటి కొరుక్కుని మొన పోగొట్టుకుంటాయి. మధ్యవి రంపాలకి. కింది సొరుగులు లోతుగా, బరువు సామాను కోసం. వీటికి మా ఫ్యాక్టరీలో వాడే ఇనప ఛానెళ్ళు పార్సిలు చేశాను. వేలితో తడితే చాలు, సొరుగు నూనె రాసినట్టు జారి వస్తుంది. పై సొరుగులు మన పాత పద్ధతిలో చెక్క పట్టీల మీదే నడుస్తాయి.

మొత్తం బండి మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే టేకు పలక. అది ఇద్దరిదీ. సానరాయి, మూలమట్టం, జిగురు డబ్బా దాని మీద ఉండాలి. చక్రాలు నాలుగు, ఒక్కో పక్క చివర రెండేసి. రెండు పక్కలూ రెండు పెట్టెలు, వాటి మధ్యలో బోల్టులు వస్తాయి, ఎక్కడెక్కడో బొమ్మలో గుర్తు పెట్టాను.

ఇక్కడ స్టోరు కిటికీ తీసేయమని అర్జీ రాశాను. పనిముట్లు తెరిచిన అరల్లో పెట్టాలి, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోవాలి, మనిషిని నమ్మితే మనిషి నిలబెట్టుకుంటాడు అని రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించాను. సూపర్‌వైజరు చదివి, "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి" అన్నాడు. పళ్ళు కొరుక్కున్నాను. చూస్తూ ఉండు, సాధిస్తాను.

నీ అన్న కొడుకు


ఏప్రిల్ 7

ఒరేయ్ చిచ్చుబుడ్డీ,

ఇది షెడ్డులో కాదు, ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. నీకొక్కడికే.

ముందు మంచి మాట. బండి అయింది. ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. మొదటి సొరుగు లోపలికి వెళ్ళి ఇరుక్కుని బయటికి రానని మొండికేసింది. నేను తంతే ఇంకా లోపలికి పోయింది. మీ నాన్న నన్ను పక్కకి జరిపి, వెనక నుంచి వేళ్ళతో తోసి, పక్కలు రెండు చుట్లు చిత్రిక పట్టి, పట్టీలకి కొవ్వొత్తి రుద్దాడు. అంతే, గాలి పీల్చుకుంటూ లోపలికి వెళ్ళింది. ఆ చప్పుడు కోసమే నేను నాలుగైదుసార్లు ఊరికే తెరిచి మూశాను. ఉలుల గాడులయితే ఆయనే తొలిచాడు. ఒక్కో ఉలినీ చెక్క మీద పడుకోబెట్టి, చుట్టూ పెన్సిలు గీసి, పసిపిల్లకి పక్క వేసినట్టు చేశాడు. నా ఉలులకి కూడా.

మధ్యలో ఆ బోల్టులెందుకురా? జిగురు మీద నమ్మకం పోయిందా నీకు? మీ నాన్న కూడా ఆ చోట బొమ్మ తిప్పి తిప్పి చూసి, నిన్నడగమన్నాడు. మర్చిపోకుండా రాయి.

ఇప్పుడు అసలు మాట. నిన్న పొద్దున నేను వెళ్ళేసరికి మీ నాన్న తన వైపు కింది సొరుగుకి కొక్కెం బిగించి ఉంచాడు. పెద్ద చిత్రికా, సానరాయీ అందులో పెట్టేశాడు. సానరాయి పై పలక మీద ఉండాలని నువ్వే రాశావు, ఆయన విన్నాడు కూడా. నేను ఎందుకని అడగలేదు. ఆయన చెప్పలేదు. మధ్యాహ్నం ఉలికి సాన పట్టాల్సి వచ్చింది. ఆయన వాకిట్లో తలుపు చెక్క కోస్తున్నాడు. కొక్కెం మీద చెయ్యి వేశాను, ఎందుకో దొంగలా అనిపించింది. చెయ్యి తీసేసి, పక్క షెడ్డువాణ్ణి అడిగి రాయి తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళలో బయటివాడి రాయి మీద సాన పట్టడం ఇదే మొదలు.

కొత్త రాయి కొనుక్కో అంటావేమో. గొడవ రాయితో కాదురా.

నీతో చెప్పుకుంటే బరువు దిగుతుందని రాశాను. మనసులో పెట్టుకో.

మీ బాబాయి


ఏప్రిల్ 13

బాబాయికి,

ముందు శుభవార్త! స్టోరు కిటికీ పోయింది! మా అర్జీ గెలిచింది. మా విభాగంలో గోడ పొడుగునా తెరిచిన అరలు పెట్టారు. పొద్దున ఎవరికి కావలసిన ఉలి వాళ్ళు తీసుకున్నాం. రంగులపనివాడు నాకు టీ ఇప్పించాడు. గుమాస్తాకి మాత్రం ఏం చేయాలో తోచక కుర్చీలో కూర్చుని బిళ్ళలు వరసగా పేర్చుకుంటున్నాడు, పాపం.

సరిగ్గా ఆ రోజే నీ ఉత్తరం. కొక్కెమా! మన షెడ్డులోనా! కొక్కెం అంటే తాళానికి స్వయానా తమ్ముడు. ఇవాళ తమ్ముడొచ్చాడు, రేపు అన్నగారొస్తారు. నాన్నకి సొంత ఆస్తి జబ్బు పట్టింది బాబాయ్. చిన్న పుస్తకాల్లో దాని లక్షణాలన్నీ రాశారు, మొదట చేతికి అందినదాన్ని దగ్గరికి లాక్కుంటారు, తర్వాత మూత పెడతారు, తర్వాత కాపలా కూర్చుంటారు. మీరు నేల మీద పరిచిన రోజే నాకు అనుమానం వచ్చింది. ఇద్దరూ అరగదీసిన రాయిని సొరుగులో దాచుకునే మనిషి రేపు షెడ్డులో వెలుతురుని కూడా నా వైపు నీ వైపు అని గీత గీస్తాడు. ఆయన కొడుకునని చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

తప్పు నీదీ ఉంది. దొంగలా అనిపించిందని రాశావు. నీ రాయి నువ్వు తీసుకోవడానికి దొంగతనమేమిటి? బయటివాడి ముందు చెయ్యి చాచడమేమిటి? నాతో గుట్టుగా చెప్పుకుని బరువు దించుకోవడం కాదు, వెళ్ళి ఆ కొక్కెం పీకెయ్. ఆయన ఎదురుగానే పీకు. ఏమన్నా అంటే నేను పీకమన్నానని చెప్పు.

ఇది ఇప్పుడే పోస్టు చేయాలి. ఉంటాను.

నీ అన్న కొడుకు


ఏప్రిల్ 26

చిచ్చుబుడ్డీ,

పోస్టుమాన్ దగ్గర నీ ఉత్తరం అందుకున్నది మీ నాన్న. కవరు పట్టుకుని లోపలికొచ్చి, "వాడు రాశాడు, చదువు" అని నా ముందు పెట్టాడు. అప్పుడే బీరువాకి జిగురు పెట్టి బిగించాం. మీ అమ్మా, మీ పిన్నీ టీ తెచ్చారు. నేను రాసినదానికి నువ్వు ఈ ఉత్తరంలో జవాబిస్తావని నాకు తట్టనే లేదు. ఎప్పుడూ చదివేదే కదా అని చింపి మొదలుపెట్టాను.

బిళ్ళలు పేర్చుకునే గుమాస్తా దగ్గర అందరూ నవ్వారు. తర్వాతి వరస కళ్ళకి కనపడింది. ఆగిపోయాను.

"ఆగావేం? చదువు" అన్నాడు మీ నాన్న.

"జిగురు ఆరినట్టుంది, లేద్దాం అన్నయ్యా" అన్నాను.

వేలితో తాకి చూసి, "ఇంకా ఆరలేదు" అన్నాడు.

నాకు లేనిది కల్పించి చదవడం రాదురా. నీళ్ళు నమిలాను, రెండు వరసలు దాటేశాను, అతకలేదు, ఆయనకి అర్థమైపోయింది. "ఉన్నది చదువు" అన్నాడు. చదివాను. జబ్బూ, కాపలా, సిగ్గూ అన్నీ చదివాను. నీతో గుట్టుగా చెప్పుకున్నానన్న దాకా చదివాను. మీ పిన్ని గ్లాసులు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

మీ నాన్న లేచాడు. బండి దగ్గరికి వెళ్ళి కొక్కెం తీసి, బండిని కొంచెం ముందుకు తోశాడు. మన నేల వాలు సంగతి నీకు తెలుసుగా. కింది సొరుగు దానంతటదే జారి బయటికొచ్చేసింది. నువ్వు పంపిన ఛానెళ్ళు అంత నున్నగా ఉన్నాయి మరి. "కొక్కెం లేనప్పుడు తోస్తుంటే ఇది జారి పాదం మీద పడింది" అన్నాడు. ఆయన బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది. నేను దాన్ని రెండు వారాలుగా చూస్తూనే ఉన్నాను, ఏమైందని అడగలేదు. "రాయి పైన పెడితే దొర్లి పడి పగులుతుందని లోపల పెట్టాను. నీ వైపు కూడా కొక్కెం కొడదామని తెచ్చి ఉంచాను" అన్నాడు. జేబులోంచి తీసి పలక మీద పెట్టాడు. ఇంకో కొక్కెం.

నేను ఉత్తరం మడిచి కవరులో పెట్టాను.

"బోల్టులెందుకని వాణ్ణి అడిగావుగా, ఏం రాశాడు?" అన్నాడు.

"దాని సంగతి రాయలేదు" అన్నాను.

"ఎందుకు రాస్తాడు? ఎడమ నీది, కుడి నాది అని గీసిందీ వాడే. మధ్యలో విప్పుకోవడానికి బోల్టులు పెట్టిందీ వాడే. దూరంగా ఉన్నవాడికి ముందే కనపడింది. మనమే ఇక్కడుండి చూసుకోలేదు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన తన పనంతా వాకిట్లోకి మార్చుకున్నాడు. కోపమైతే నాకు తెలుసు, ఇది కోపం కాదు. పనికి వేరే గది వెతుక్కుంటున్నాడని మీ అమ్మ చెప్పి ఏడ్చింది. నేను వెళ్ళి తప్పయిందన్నాను. "నీ తప్పేముంది, నీకు అనిపించింది నువ్వు రాసుకున్నావు. నా ముందు అనలేకపోయావు, అంతే" అన్నాడు. అంతకంటే రెండు తిట్టినా బాగుండేది.

నేనూ ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. మేం విడిపోతామని నీకు ముందే అనిపించిందా? ఆ బోల్టులు అందుకేనా?

మీ బాబాయి


మే 2

బాబాయ్,

కాదు. కాదు. కాదు.

తలుపు కోసం బాబాయ్! మన షెడ్డు తలుపు కోసం! ఆ ఇరుకు తలుపులోంచి ఇంత వెడల్పు బండి పట్టదు. అప్పుడొకసారి పెద్ద బీరువా చేసి, బయటికి రాక, దాని పైకప్పు పట్టీ ఊడదీసి, నాన్న ఇటు, నువ్వటు, నేను కింద దూరి, పెళ్ళివారి బండి వీధిలో నిలబెట్టి తీశామే. అది గుర్తుండే బోల్టులు పెట్టాను. పై పలక స్క్రూలు తీసి, రెండు పెట్టెలుగా బయటికి తెచ్చి వెలుతురులో మళ్ళీ బిగించుకుంటారని. బొమ్మ చూడగానే మీకే తెలుస్తుందనుకున్నాను. నువ్వు అడిగిన ప్రశ్న కనపడనే లేదు నాకు, నా కళ్ళు ఆ కొక్కెం మీదే పడ్డాయి. ఇంకేమీ లేదు. తలుపు, అంతే.

నేను వచ్చేవాణ్ణి. పొద్దున సెలవు అడిగాను. తెరిచిన అరల్లోంచి వారం తిరక్కుండానే మంచి ఉలులన్నీ మాయమయ్యాయి. అర్జీ మీద మొదటి సంతకం నాది కాబట్టి, అవి దొరికేదాకా నాకు సెలవు లేదట. కిటికీ మళ్ళీ పెట్టారు. గుమాస్తా నన్ను చూసి నవ్వను కూడా నవ్వలేదు, బిళ్ళ తీసుకుని ఉలి చేతిలో పెట్టాడు. సూపర్‌వైజరు బల్ల గుద్ది అరిచాను. దాంతో వచ్చే నెల సెలవు కూడా పోయింది. వదిలేసి వచ్చేద్దామంటే ఒప్పందం కాగితం వాళ్ళ చేతిలో ఉంది. గది తలుపు దగ్గరే కూర్చుని ఇది రాస్తున్నాను.

ఏమీ విప్పకండి. నేను వచ్చేదాకా ఆ బోల్టుల మీద ఎవరూ చెయ్యి వేయకండి. కింద నాన్నకి రాశాను. దయచేసి ఇది జిగురు ఆరేలోపు అందరి ముందూ చదువు. ఆ ఉత్తరం ఎలాగైతే చదివావో, ఇదీ అలాగే గట్టిగా చదువు.

నాన్నా, ఆ సొరుగు వాలుకి జారుతుందని నాకు తట్టలేదు. ఇక్కడ నేల అద్దంలా సమంగా ఉంటుంది. మన నేల వాలు మర్చిపోయి గీశాను. వేలికి దెబ్బ తగిలిందని నాకు ఎవరూ రాయలేదు. కొక్కెం చూసి తాళం అనుకున్నాను. బోల్టులు తలుపు కోసం. నీ కొడుకునని చెప్పుకోవడానికి సిగ్గేస్తోందని రాశాను. అది రాసిన చేతిని ఏం చేసుకోవాలో తెలియడం లేదు. నువ్వు అక్కడే ఉండు నాన్నా. ఇంకేం అడగను.


మే 13

ఒరేయ్ అబ్బాయ్,

నీ ఉత్తరం అందేసరికి బండి విప్పేశాం.

అయినా నువ్వు అడిగినట్టే చదివాను. జిగురు పెట్టిన పనేదీ లేదు, ఊరికే అందరం నిలబడ్డాం. మీ నాన్న కొత్త గదికి సామాను మోయడానికి మనిషిని పిలిచాడు, వాడూ నిలబడి విన్నాడు. తలుపు సంగతి వినగానే మీ నాన్న వాకిలి వైపు చూశాడు. నేనూ చూశాను.

ఆ తలుపు లేదురా. గోడతో పాటే పీకేశారు. యజమాని అక్కడ చుట్టుకుపోయే ఇనప షట్టరు పెట్టాడు, లారీ లోపలికి రావచ్చు. నీకు రాశామనే అనుకున్నాను. మీ అమ్మ నేను రాసి ఉంటాననుకుంది. మీ పిన్ని మీ అమ్మ ఫోనులో చెప్పి ఉంటుందనుకుంది. ఆ ఇరుకు తలుపు ఇప్పుడు నీ ఒక్కడి బుర్రలోనే ఉంది. షట్టరు ఎదురుగా పెట్టుకుని బొమ్మ చూసినవాళ్ళకి ఆ బోల్టులు ఎలా కనపడతాయి చెప్పు.

మీ నాన్న వెళ్ళి షట్టరు అంచు పట్టుకుని చూశాడు. తర్వాత "తలుపు సంగతి నిజమే అయుంటుంది. వాడికి అబద్ధం రాయడం రాదు" అన్నాడు. నాకు ఆశ పుట్టింది. "అయితే ఉండిపో అన్నయ్యా" అన్నాను.

"అది చదివినప్పుడు నీ గొంతు ఎలా ఉందో నేను విన్నాను. చదవకముందు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. రోజూ నువ్వు రాయి తీసుకున్నప్పుడల్లా నేను నీ చెయ్యి చూస్తాను, నేను తీసుకున్నప్పుడల్లా నువ్వు నా చెయ్యి చూస్తావు. దాంతో పని జరగదు" అన్నాడు. అరవలేదు. మెల్లగా, కొలత చెప్పినట్టు చెప్పాడు.

బండి విప్పిన రోజు సంగతి నీకు రాయకూడదనుకున్నాను. కానీ నీకు చెప్పకుండా ఇంకొకరికి చెప్పుకోలేను. బోల్టులు తేలిగ్గానే వచ్చాయి. పై పలక ఒకటే కదా, అది రాలేదు. ఆయన వైపు స్క్రూలు తీస్తే పలక మొత్తం నాకు వస్తుంది, నా వైపువి తీస్తే ఆయనకి పోతుంది. నువ్వుంచుకో అన్నాను. నువ్వుంచుకో అన్నాడు. చివరికి కోసేద్దామన్నాడు. ఆ పలకకి చేతి రంపం చాలు. కానీ ఎవరు కోసినా, వాడే కోశాడన్న మాట మిగులుతుంది. ఇద్దరం ఒకేసారి దుంగలు కోసే రెండు పిడుల రంపం వైపు చూశాం. ఆయన ఆ చివర, నేను ఈ చివర.

ఒరేయ్, ఎంత బాగా నడిచిందనుకున్నావు రంపం. ఎవరూ లెక్క చెప్పలేదు. ఆయన లాగితే నేను వదిలాను, నేను లాగితే ఆయన వదిలాడు. గీత మీద నుంచి వెంట్రుకవాసి జరగలేదు. అయిపోయాక ఇద్దరం వంగి కోత ఎలా వచ్చిందో వేలితో తడిమి చూసుకున్నాం. "నున్నగా వచ్చింది" అన్నాడు. "వచ్చింది" అన్నాను. అంతే.

సానరాయి ఆయన తీసుకోలేదు. నేను ఆయన సామానులో పెట్టాను. సాయంత్రం చూస్తే నా ఎడమ సొరుగులో ఉంది. మళ్ళీ పంపించడానికి నాకు మనసు రాలేదు, వాడడానికి చెయ్యి రావడం లేదు.

నిన్ను ఒకటి అడగాలి. సగం బండికి రెండే చక్రాలు మిగిలాయి. బోల్టులు విప్పగానే నాది తూలి పక్కకి ఒరిగింది, ఇప్పుడు దానికి ఇటుకలు పెట్టాను. ఆయనది కూడా గదిలో గోడకి చేరేసి ఉందని మీ అమ్మ చెప్పింది. సొరుగు తెరిస్తే ముందుకి వాలుతోందట. ఆయన నిన్ను అడగడు. నన్ను అసలే అడగడు. తెగిన వైపు కాళ్ళు ఎలా పెట్టాలో గీసి పంపు. సొరుగుల బరువు ఎటు పడుతుందో నీకే సరిగ్గా తెలుసు. ఆయనది విడిగా, మీ అమ్మ పేరున ఇంటికి పంపు. నా కవరులో పెట్టకు.

ఉలులు దొరికాయా?

మీ బాబాయి


మే 19

బాబాయికి,

ఉలులు దొరకలేదు.

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మొదటి రోజు గీయనని రాశాను, చింపేశాను. రెండో రోజు మీ ఇద్దరినీ తిడుతూ చాలా పేజీలు రాశాను. గుమాస్తాని తిట్టాను, షట్టరు పెట్టిన యజమానిని తిట్టాను, చిన్న పుస్తకాలు రాసేవాళ్ళని కూడా తిట్టాను. వాళ్ళు అన్నదమ్ముల గురించి ఎక్కడా రాయలేదు. అవీ చింపేశాను. రంగులపనివాడు కాగితాలు దండగ చేస్తున్నానని తన పక్క ఎత్తి అవతలి మూలకి వేసుకున్నాడు.

ఇవాళ గీశాను. తెగిన వైపు అడుగున చక్రాలంత ఎత్తు కాళ్ళు రెండు వస్తాయి. చక్రం మీద బరువు పడితే కొద్దిగా అణుగుతుంది కాబట్టి కాలు ఆ మేరకు తగ్గించు, ముందు ఖాళీగా కాదు, సొరుగులన్నీ నింపి కొలువు. కాలి పైకొనని సన్నని కుసిగా చెక్కి, పెట్టె అడుగు పట్టీలో బెజ్జం తొలిచి దింపు. మేకులు కొట్టకు, ఊగిపోతుంది. పాత బోల్టు రంధ్రాలు కనపడతాయి కదా, వాటిలో చెక్క బిరడాలు జిగురుతో బిగించి నున్నగా చిత్రిక పట్టెయ్, లేకపోతే వాటిలోంచి రంపం పొట్టు ఉలుల సొరుగులోకి దిగుతుంది. కింది సొరుగు తెరిస్తే పెట్టె ముందుకి వాలకుండా ముందు కాలు కాస్త ముందుకి తెచ్చాను, అడ్డుపట్టీ కూడా గీశాను.

నీది గీశాక, నాన్నది గీయనక్కర్లేదని తెలిసింది. నీ కాగితాన్ని తిరగేసి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అదే నాన్నది. ఒక్క గీత కూడా తేడా లేదు. అయినా మళ్ళీ మొదటి నుంచి కొలిచి రెండోది గీసి, అమ్మ పేరున విడిగా పోస్టు చేశాను. నాన్న కాగితం మీద అలవాటు కొద్దీ "కుడి పక్క" అని రాసి, కొట్టేశాను. నీ కాగితం మీద కూడా కొట్టివేత కనపడుతుంది, ఏమీ అనుకోకు.

కాళ్ళు బిగించాక అది ఇక బండి కాదు బాబాయ్, కదలదు. షెడ్డులో దాన్ని ఎక్కడ ఉంచాలో ముందే చూసుకుని, అప్పుడు బిగించు.

నీ అన్న కొడుకు